ఫోన్ ఇంగ్లీషు: పలాస జీడి గుమస్తా 90 రోజుల డైరీ

రోజు 1

ఇరవై రెండేళ్లుగా ఇంగ్లీషులో ఉత్తరాలు రాస్తున్నాను. ‘వియ్ ఆర్ ఇన్ రిసీట్ ఆఫ్ యువర్ ఎస్టీమ్డ్ లెటర్’ అని మొదలుపెట్టి ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ దాకా కళ్లు మూసుకుని టైపు చేసేస్తాను. బ్యాంకు వాళ్లు గానీ షిప్పింగు ఏజెంట్లు గానీ ఒక్కనాడూ తప్పు పట్టలేదు. అదే ఇంగ్లీషు ఫోన్లో వినపడితే మాత్రం చెమటలు పడతాయి.

నేను పనిచేసేది పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో. లెక్కలు, ఉత్తరాలు నావి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని పడగొట్టాక మాకు ఊళ్లో పిక్కలు (పెంకు తీయని జీడి గింజలు) చాలడం లేదు. కొత్తగా వేసిన జీడి మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని ఆఫ్రికా పిక్కలు తెప్పిస్తున్నాం. ఆ ఫోన్లన్నీ ఓనరు గారి అబ్బాయి చూసేవాడు. కిందటి నెల పై చదువుకి విదేశం వెళ్లాడు. ‘ఇంకెవరున్నారు, నువ్వే మాట్లాడాలి. ఇంగ్లీషు మీడియంలో బీకాం చేశావు కదా’ అన్నారు ఓనరు గారు. ఆ బీకాంలో ఎవరూ ఎవరితోనూ ఇంగ్లీషు మాట్లాడలేదని ఆయనకి చెప్పలేదు.

కాబట్టి 90 రోజుల ప్రాజెక్టు. నేను మాట్లాడాల్సింది ఇద్దరితో: ఘనా రాజధాని అక్రాలో ఉండే బ్రోకరు, సింగపూర్ ట్రేడింగ్ కంపెనీలో పనిచేసే ఒక ఇంగ్లండ్ అతను. లక్ష్యం: ఇద్దరితోనూ పదేసి నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలి, ‘పార్డన్’ అనే మాట మూడుసార్లకి మించకూడదు. సామగ్రి: ఫోన్ రికార్డరు (ఇద్దరికీ చెప్పే పెట్టాను, సరే అన్నారు), రెండు వందల పేజీల నోటుబుక్కు, ఇయర్‌ఫోన్లు, ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా అమ్మాయి.

నిన్నటి కాల్ ఆరు నిమిషాలు. విని లెక్కపెట్టాను. పదకొండు పార్డన్లు.

రోజు 2

ఆ కాల్‌లో నలభై సెకన్ల ముక్క తీసుకుని, విన్నది విన్నట్టు తెలుగులో రాశాను. గంటన్నర పట్టింది. ‘వాడ్యథింక్’ అని రాసుకున్నది ‘వాట్ డూ యూ థింక్’ అట. ‘ఐల్సీవొటైకండూ’ అన్నది ‘ఐ విల్ సీ వాట్ ఐ కెన్ డూ’. అమ్మాయి వేగం తగ్గించి నాలుగుసార్లు వినిపిస్తే గానీ తెగలేదు.

నలభై సెకన్లలో నాకు తెలియని మాట ఒక్కటి లేదు. డిక్షనరీ కొనాలని ఐదు వందలు పక్కన పెట్టాను. వెనక్కి తీసుకున్నాను.

రోజు 3

ఈ రోజు సంగతి రాయాలంటే సిగ్గుగా ఉంది గానీ డైరీ కాబట్టి రాస్తున్నాను.

మధ్యాహ్నం మూడున్నరకి అక్రా బ్రోకరు ఫోన్ చేశాడు. వాళ్లకి అప్పుడు పొద్దున్న పది. పిక్కల్లో తేమ శాతం ఎంతని అడిగాను. ‘ఐయామ్ కమింగ్’ అన్నాడు. తర్వాత నిశ్శబ్దం. కుర్చీ జరిగిన చప్పుడు, అంతే. మాట అయిపోయిందనుకుని కట్ చేశాను.

నేరుగా ఓనరు గారి దగ్గరికి వెళ్లి ‘అతను పలాస వస్తున్నాడండీ’ అని చెప్పాను. ఆయన వెంటనే కాశీబుగ్గలో లాడ్జికి ఫోన్ చేసి ఏసీ రూము ఒకటి ఉంచమన్నారు. షెడ్డు కడిగించారు. పిక్కలు కొట్టే ఆడవాళ్లకి కొత్త చేతిగుడ్డలు ఇప్పించారు. సాయంత్రం బ్రోకరు నుంచి మెసేజ్: ఫోన్ ఎందుకు కట్ చేశావు, తేమ కాగితం తేవడానికి పక్క గదిలోకి వెళ్లాను కదా అని.

ఘనాలో ‘ఐయామ్ కమింగ్’ అంటే ఇప్పుడే వెళ్లి వస్తానని. వెళ్తూ అనే మాట.

ఇంట్లో చెబితే అమ్మాయి పడీపడీ నవ్వింది. ‘నాన్నా, పొద్దున్న ఫ్యాక్టరీకి బయల్దేరుతూ నువ్వేమంటావు? వస్తాను అనవా? గుమ్మం దిగి వెళ్లిపోతూ వస్తాను అంటావు. నిన్నెవరైనా ఆపి కుర్చీ వేశారా?’

రోజు 6

నాలుగు రోజులుగా వినడమే పని. బీబీసీ వాళ్ల ఇంగ్లీషు పాఠాల్లో ఆరు నిమిషాల కార్యక్రమం ఒకటుంది. అది వింటూ, వాళ్ల వెనకాలే అదే మాట అదే ఊపులో అంటున్నాను. అర్థం గురించి ఆలోచించకుండా కేవలం నీడలాగా వెంటపడటం. బస్టాండు దగ్గర ఒకాయన నన్ను చూసి జాలిపడ్డాడు.

ఇంతలో ఒకటి తట్టింది. ‘పిక్ ఇట్ అప్’ అన్న మూడు మాటలు వాళ్ల నోట్లో ‘పికిటప్’. ‘టర్న్ ఆఫ్’ అన్నది ‘టర్నాఫ్’. ‘నాట్ ఎట్ ఆల్’ అంటే ‘నాటెటాల్’. ఇది మనకి కొత్తా? వాడు, ఎవడు కలిస్తే వాడెవడు. ఏమి, అయింది కలిస్తే ఏమైంది. ఎనిమిదో తరగతిలో సంధులు విడదీయలేక బెత్తం దెబ్బలు తిన్నాం. ఇంగ్లీషులో సంధి ఉందని ఏ మాస్టారూ చెప్పలేదు. రాతలో కనపడదు కాబట్టి లేదనుకున్నాం.

ఇంకో చిక్కు మన వైపు నుంచి. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ఆగుతాయి. బుక్కు, స్కూలు, బస్సు. ఇంగ్లీషు మాట చివర హల్లు వస్తే దానికో ‘ఉ’ తగిలిస్తే గానీ నాలుక ఊరుకోదు. ‘గుడ్డు ఈవినింగు’ అంటాను నేను. వాళ్లు ఆ ‘డ’ని తీసుకెళ్లి పక్క మాట నెత్తిన పెడతారు: ‘గుడీవ్నింగ్’. ఆ తోక కత్తిరించడం మీదే ఈ వారం.

రోజు 9

స్టీలు పళ్లెం, చెంచా.

‘నట్స్ కమ్ మండే’. మూడు దెబ్బలు. ‘ద నట్సిల్ కమాన్ మండే’. మాటలు పెరిగాయి, దెబ్బలు మూడే. ‘ద నట్సిల్ బి కమింగాన్ ఎ మండే’. అయినా మూడే. మధ్యలో ఉన్న ద, విల్, బి, ఆన్ లాంటివన్నీ దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులో నలిగిపోవాల్సిందే. మనం తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వాటా ఇచ్చి పలుకుతాం. చిన్నదైనా పెద్దదైనా పంక్తిలో కూర్చుంటే అందరికీ ఒకే విస్తరి. ఇంగ్లీషులో అలా కాదు. బరువైన మాటకి విస్తరి, చిన్న మాటకి గుక్కెడు మజ్జిగ.

నేను అన్నిటికీ విస్తరి వేస్తున్నాను. అందుకే నా ఇంగ్లీషు రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్‌లా ఉంటుందని అమ్మాయి అంటోంది.

దీని వల్ల అర్థమే తారుమారయ్యే చోటు ఒకటుంది. అమెరికన్ ఆడియో ఒకటి పెట్టుకుని విన్నాను. ‘కెన్’ అన్న మాటని వాళ్లు ఉత్త ‘కన్’లా మింగేస్తారు. ‘కాంట్’ని మాత్రం ‘క్యాంట్’ అని సాగదీసి, చివరి ‘ట్’ని సగంలో ఆపేస్తారు. నాలాంటి వాడు శ్రద్ధగా ‘ఐ క్యాన్’ అని నొక్కి పలికితే, కుదరదన్నానేమో అని వాళ్లు అనుకోవచ్చు. ఇంగ్లండ్ వాళ్లు ‘కాంట్’ అని దీర్ఘం తీస్తారు కాబట్టి అక్కడ కొంత నయం.

పక్కింటావిడ గోడ మీంచి చూసి, ఈ పళ్లెం వాయింపు ఏ పూజకని అడిగింది.

రోజు 12

సింగపూర్ అతను ఫోన్ ఎత్తగానే ‘హౌ ఆర్ యూ’ అంటాడు. నేను ‘ఐ యామ్ ఫైన్, థాంక్యూ సర్, హౌ ఈజ్ యువర్ హెల్త్’ అని మొదలుపెడతాను. ఒక క్షణం ఆగిపోతాడు. ఈ రోజు రికార్డింగులో ఆ ఆగడం స్పష్టంగా వినపడింది.

అది ప్రశ్న కాదు. దారిలో ఎదురైన వాడు ‘ఏం, ఇలా వచ్చావు’ అంటే మనం ఎందుకొచ్చామో పూర్తిగా చెప్పం కదా. ‘ఆఁ, ఊరికే’ అంటాం. వాళ్లదీ అంతే. ‘నాట్ బ్యాడ్, యూ?’ అంటే చాలు. ‘నాట్ బ్యాడ్’ అంటే చెడ్డగా లేదని కాదు, బానే ఉన్నానని. అక్రా బ్రోకరు దగ్గర ఇది తిరగబడుతుంది. అతనికి పలకరింపు పూర్తిగా కావాలి. ఇంట్లో వాళ్లు, ఒళ్లు, వాన, అన్నీ అడిగాకే ధర. ‘నాట్ బ్యాడ్’ అని తుంచేస్తే నొచ్చుకుంటాడు. ఉద్దానం రైతు దగ్గర పిక్కలు కొన్నట్టే, మంచినీళ్లు తాగకుండా బేరం లేదు.

నా ఇంకో అలవాటు ఫోన్ ఎత్తి ‘టెల్ మీ’ అనడం. చెప్పండి అన్నాననుకుంటాను. అవతలి వాడికి అది పోలీసు స్టేషన్‌లో ఎస్సై అన్నట్టు ఉంటుందట. చెప్పండిలో ఉన్న ‘అండి’ ఇంగ్లీషులోకి రాలేదు. దాని పని అక్కడ గొంతు చేస్తుంది, లేదా ‘సో, వాట్ కెన్ ఐ డూ ఫర్ యూ’ లాంటి తోకలు చేస్తాయి.

రోజు 16

అంకెలు. ఇక్కడ తప్పు చేస్తే డబ్బు పోతుంది.

టన్నుకి 1250 డాలర్లని కాగితం మీద ‘వన్ థౌజండ్ టూ హండ్రెడ్ అండ్ ఫిఫ్టీ’ అని రాస్తాను. ఫోన్లో ‘ట్వెల్వ్ ఫిఫ్టీ’, అంతే. పన్నెండు వందల యాభై అనుకుంటే మన లెక్కే. చిక్కల్లా అది ‘ట్వెల్వ్ ఫిఫ్టీన్’ అయి ఉండొచ్చు అన్న దగ్గర. టన్నుకి 35 డాలర్ల తేడా. ఫిఫ్టీలో బరువు మొదట పడుతుంది, ఫిఫ్టీన్‌లో సాధారణంగా చివర. రైలు హారన్ మధ్య ఆ బరువు ఎక్కడ పడిందో ఎవరికి వినపడుతుంది? మా ఫ్యాక్టరీ ఉన్నది హౌరా - చెన్నై లైను పక్కన.

ఒక ఉపాయం దొరికింది. ‘ఫిఫ్టీన్, వన్ ఫైవ్?’ అని అంకెలు విడదీసి తిరిగి అడగడం. సింగపూర్ అతనేమీ చిన్నచూపు చూడలేదు. పైగా తర్వాతి అంకెని తనే విడదీసి చెప్పాడు.

‘హాఫ్ ఫైవ్’కి ఫోన్ చేస్తానన్నాడు. నాలుగున్నరా, ఐదున్నరా? సింగపూర్ టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. అది కూడా కలుపుకుని బుర్ర వేడెక్కింది. హాఫ్ ఫైవ్ అంటే ఐదున్నర. అంటే మనకి మూడు గంటలు. ఓనరు గారు అప్పుడు అన్నం తిని పడుకుంటారు. లేపలేదు.

రోజు 20

స్టాకు లెక్కలు. ప్రాక్టీసు లేదు.

రోజు 21

లేదు.

రోజు 25

నోటుబుక్కులో గీత గీసి ఎడమ వైపు నా ఉత్తరాల మాటలు, కుడి వైపు వాళ్లు ఫోన్లో అన్న మాటలు రాయడం మొదలుపెట్టి వారమైంది. ఈ పేజీలు చూస్తే నాకే ముచ్చటేస్తోంది. నేను ‘పర్చేజ్’ అంటే వాళ్లు ‘బై’. నేను ‘కమెన్స్’, వాళ్లు ‘స్టార్ట్’. ‘అసిస్ట్’కి ‘హెల్ప్’, ‘ఎంక్వైర్’కి ‘ఆస్క్’, ‘అబ్టెయిన్’కి ‘గెట్’. ‘పోస్ట్‌పోన్’కి ‘పుట్ ఆఫ్’, ‘ఇన్వెస్టిగేట్’కి ‘లుక్ ఇంటూ’, ‘క్యాన్సిల్’కి ‘కాల్ ఆఫ్’.

ఇలా రెండేసి ఎందుకున్నాయో తెలుసుకున్నాక కుదురుగా గుర్తుంటున్నాయి. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచారు. కోర్టు, దర్బారు, పన్నుల లెక్క వాళ్ల చేతిలోకి పోయింది. పై వాళ్ల మాటలు ఫ్రెంచి నుంచి, పండితుల మాటలు లాటిన్ నుంచి వచ్చి పడ్డాయి. వంటింట్లో, పొలంలో పాత మాటలు అలాగే ఉండిపోయాయి. తొమ్మిది వందల ఏళ్లు దాటినా ఆ గీత చెరగలేదు. కాగితం మీద పై వాళ్ల మాట, నోట్లో పాత మాట.

మన దగ్గర ఈ పని సంస్కృతం చేసింది. గృహం, ఇల్లు. జలం, నీళ్లు. ఆహారం, తిండి. ‘జలం తీసుకురా’ అని మా ఆవిడతో అంటే నాకేదో అయిందని భయపడుతుంది. నేను సింగపూర్ అతనితో ఇన్నాళ్లూ జలం తీసుకురా అనే మాట్లాడుతున్నాను.

పుట్, గెట్, లుక్ లాంటి చిన్న మాటల వెనక ఆఫ్, అప్, ఇంటూ తగిలించే పద్ధతి మాత్రం ఇంకా లొంగలేదు. ‘పుట్ ఆఫ్’ వాయిదా, ‘పుట్ అప్’ అంటే బస ఇవ్వడం, ‘పుట్ అప్ విత్’ అంటే భరించడం. మనకీ ‘పడు’ ఉందిగా అని సర్దిచెప్పుకున్నాను: బయటపడు, కలబడు, ఎగబడు, తిరగబడు. వాళ్ల పిల్లలు ఎలా నేర్చుకుంటారో మన పిల్లలూ అలాగే, విని.

రోజు 32

షెడ్డులో పిక్కలు కొట్టే ఒక ముసలావిడ ఒడియా మేస్త్రీతో గడగడా ఒడియాలో వాదించడం చూశాను. బడికి వెళ్లిన మనిషి కాదు. మధ్యాహ్నం అడిగాను, ఒడియా ఎక్కడ నేర్చుకున్నావని.

‘ఏటి నేర్సుకోడం బావూ. సంతకెల్తే ఆలు మాటాడతారు, మనం మాటాడతాం. అదే వొచ్చీసింది.’

‘తప్పులు రావా?’

‘వొస్తే నవ్వుతారు. నవ్వనీ.’

ఈ మాట ఇంటికి తెచ్చుకున్నాను. మా జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు చేసింది ఇదే. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవరలనే గిరిజనుల భాషకి పుస్తకాలు లేవు కాబట్టి తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో ఉంచుకుని నోటి నుంచి నేర్చుకున్నారు. తర్వాత ఆ భాషకి ఆయనే వ్యాకరణం రాశారు. ముందు నోరు, తర్వాత వ్యాకరణం. మేం ఇంగ్లీషు చదివింది సరిగ్గా తలకిందులుగా.

ఆ కథలో ఇంగ్లీషు దొర ఒకాయన కూడా ఉన్నాడు. యేట్స్ అని, స్కూళ్ల ఇన్‌స్పెక్టరు. 1907 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాలకి వచ్చాడు. పుస్తకాల తెలుగుకీ జనం తెలుగుకీ ఇంత తేడా ఎందుకని ఆయనకి సందేహం. విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు, వాళ్లతో పాటు ఈ యేట్స్, వాడుక భాషని బళ్లలోకి తేవాలని పట్టుబట్టారు. మా ప్రాంతం వాళ్లం ఆగస్టు 29 వస్తే గిడుగు బొమ్మకి దండ వేస్తాం. ‘చేయుచున్నాను’ అనక్కర్లేదు, ‘చేస్తున్నాను’ అనొచ్చని పోరాడి గెలిచిన ఊళ్ల వాళ్లం. అదే మేం ఇంగ్లీషుకొచ్చేసరికి ‘ఐ యామ్ గోయింగ్ టు’ అని ఒక్కో ముక్కా పేర్చుకుంటూ, ‘గొనా’ అన్న వాడిని చదువురానివాడని అనుకుంటాం. ఇంట్లో ‘ఏటి సేస్తన్నావు’ అని అడిగే నోటితోనే.

ఇది నాకు కొంచెం కోపం తెప్పించిన రోజు. ఎవరి మీదో తెలియదు.

రోజు 39

ఇంగ్లండ్ అతని మాటల మీద ఈ వారమంతా పోయింది. తెలుగు రైతు ‘ఈ ధరకి ఇవ్వను, పో’ అంటాడు. ఇతను అలా అనడు. నా నోటుబుక్కులో ఇప్పటిదాకా పట్టుకున్నవి:

నేను అడిగిన తగ్గింపు విని ‘దట్స్ ఎ బిట్ స్టీప్’ అన్నాడు. కొంచెం ఎక్కువ అడిగాననుకుని అందులో అయిదు డాలర్లు తగ్గించాను. అతని ఉద్దేశం చాలా ఎక్కువ అని. ‘ఎ బిట్’ అన్నది తూకం రాయి కాదు, దెబ్బ తగలకుండా వేసే గుడ్డ. ‘ఐల్ హావ్ ఎ థింక్’ అంటే దాదాపు లేదనే. ‘నాట్ ఐడియల్’ అంటే ఘోరంగా ఉందని. ‘లీవ్ ఇట్ విత్ మీ’ అన్నప్పుడు మాత్రం నిజంగా పని చేస్తాడు. ఆ మాట వింటే నిశ్చింత.

అడగడంలో ఇంకో మెలిక. ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్’ అంటాడు. అనుకున్నది ఇప్పుడు, వాడిన కాలం మాత్రం భూతకాలం. ఎందుకో మొదట అర్థం కాలేదు. దూరం పెడుతున్నాడు. ఎదుటి వాడికి కాదనడానికి చోటు ఇస్తున్నాడు. మనం ‘మీతో ఒక మాట అడుగుదామనుకున్నాను’ అంటాం కదా, ఇప్పుడు అడుగుతూనే. అదే ఇది. నేను దీనికి బదులు ‘కైండ్లీ’ అనేవాడిని. కైండ్లీ రాతలో మర్యాద, ఫోన్లో నోటీసు.

‘కదా’ ఒక్కటి చాలు మనకి. వస్తాడు కదా, తిన్నావు కదా, వాన కదా. వాళ్లకి ప్రతిదానికీ వేరే కదా కావాలి: ‘వోంట్ హీ’, ‘డిడింట్ యూ’, ‘ఈజింట్ ఇట్’. అన్నిటికీ ‘ఈజింట్ ఇట్’ పెట్టడం మన వాళ్ల గుర్తు. లండన్ కుర్రాళ్లు కూడా ఇప్పుడు అన్నిటికీ ‘ఇనిట్’ అనేస్తారట. అందుకని ఈ ఒక్క తప్పు దిద్దుకోవడం మానేశాను.

రోజు 48

అతి చేశాను.

నెల రోజులుగా చెవిలో మోగుతున్నది వేళ్లలోకి దిగింది. ఎల్సీ, అంటే సరుకు డబ్బుకి బ్యాంకు ఇచ్చే హామీ పత్రం, దాని గురించి బ్యాంకుకి పంపే మెయిల్లో ‘హాయ్, జస్ట్ చెకింగ్ ఇన్ ఆన్ ద ఎల్సీ, గొనా నీడ్ ఇట్ బై ఫ్రైడే’ అని కొట్టి పంపేశాను. గంటలో బ్యాంకు నుంచి ఫోన్: మీ మెయిల్ ఎవరైనా హ్యాక్ చేశారా అండీ అని. ఆ మాట అన్నది నాకంటే పదేళ్లు చిన్నావిడ. చాలా మర్యాదగా అడిగింది.

ఉత్తరాల ఇంగ్లీషుని ఇన్ని రోజులుగా తిట్టుకున్నాను గానీ దానికీ ఒక చోటుంది. ఎల్సీ మీద డబ్బు ఇవ్వాలంటే బ్యాంకు చూసేది కాగితాలే, సరుకు కాదు. ఎల్సీలో రాసిన దానికి ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) సరిపోవాలి. సరుకు వర్ణన మారితే డబ్బు ఆగుతుంది. ‘షల్’ అన్న చోట ‘గొనా’ పెడితే అక్కడ నవ్వేవాడు కూడా ఉండడు. అలాగని ‘డూ ద నీడ్‌ఫుల్’ అవసరం కూడా కాదు. అది పాత సర్కారు ఫైళ్ల నుంచి మనకి అంటుకున్నది. నా ఉత్తరాల్లోంచి ‘ఎస్టీమ్డ్’, ‘హియర్‌విత్’, ‘ద సేమ్’ తీసేశాను. మిగతావి ఉంచాను. ఉత్తరం సగానికి తగ్గింది.

రోజు 56

పార్డన్ల లెక్క: సింగపూర్ కాల్ ఏడు నిమిషాలు, అయిదు.

అమ్మాయి ఒక అనుమానం లేవదీసింది. ‘అసలు ఆ మాటెందుకు? వాళ్లెవరైనా పార్డన్ అన్నారా?’ రికార్డింగులు వెతికాను. ఒక్కసారి కూడా అనలేదు. ‘సారీ?’ అని చివర గొంతు లేపుతారు. లేదా ‘సే దట్ అగైన్?’ లేదా వినపడినంత వరకు తిరిగి చెప్పి, వినపడని చోట ఆగుతారు: ‘యూ సెడ్ ద కంటెయినర్ లీవ్స్ ఆన్…?’ ఇది అన్నిటికంటే మంచిది. ఎంత అందిందో, ఎక్కడ జారిందో ఎదుటి వాడికి తెలుస్తుంది. పార్డన్ అంటే మొత్తం మళ్లీ చెబుతాడు, అదే వేగంతో, కొంచెం గట్టిగా. నాకు చెవుడు లేదు కదా.

అంటే నేను లెక్కపెడుతున్నదే తప్పు. అడగడం తప్పు కాదు. అయినా లక్ష్యం మార్చలేదు, మొదట రాసింది రాసినట్టే ఉంచాను.

ఇంకొకటి. అవతలి వాడు మాట్లాడుతుంటే మర్యాదకి నోరు మూసుకుని వింటాను. మధ్యలో ‘ఆర్ యూ దేర్?’ అని అడుగుతాడు. తెలుగు ఫోన్లో ఊఁ, ఆఁ, అలాగా, సరే అంటూనే ఉంటాం. ఊ కొట్టకపోతే కథ ఆగిపోతుంది. ఇంగ్లీషు అనగానే ఊ కొట్టడం మర్చిపోయాను. ‘రైట్’, ‘యా’, ‘ఐ సీ’, ‘మ్‌హూఁ’. ఇవి మొదలుపెట్టిన రోజు నుంచి అతని వేగం నాకు తగ్గినట్టు అనిపిస్తోంది. అతను తగ్గించాడో, నా చెవి పెరిగిందో.

రోజు 64

అక్రా బ్రోకరు ఈ రోజు నములుతూ మాట్లాడాడు. ‘యూ ఆర్ ఇన్వైటెడ్’ అన్నాడు. ఈసారి లాడ్జికి ఫోన్ చేయలేదు. భోజనం దగ్గర ఉన్నప్పుడు ఎవరైనా వస్తే వాళ్లక్కడ అనే మాట అది. రండి, ఓ ముద్ద తిందురుగాని. ఐదు వేల మైళ్లకి పైగా అవతల నుంచి పిలిచాడు. ‘థాంక్యూ, ఎంజాయ్’ అన్నాను. పని నెమ్మదిగా సాగుతోందా అంటే ‘స్మాల్ స్మాల్’ అన్నాడు. మెల్లమెల్లగా, కొద్దికొద్దిగా. రెట్టించి చెప్పడం మనలాగే.

సహజమైన ఇంగ్లీషు నేర్చుకుంటున్నానని ఈ డైరీ మొదలుపెట్టాను. ఎవరికి సహజం? బీబీసీ గొంతుని అనుకరించి అక్రాకి ఫోన్ చేస్తే అతనికి నేను పరాయివాణ్ణే. అతని ఇంగ్లీషు అతని ఊరిది, తప్పుల ఇంగ్లీషు కాదు. శ్రీకాకుళం యాస విని విజయవాడ వాళ్లు నవ్వితే నాకెలా ఉంటుందో తెలుసు. కాబట్టి నోటుబుక్కులో మూడో గీత గీశాను. అక్రా కాలమ్.

రోజు 73

ఫోన్ పెట్టేయడం. దీనికి ఇన్ని రోజులు పడుతుందని అనుకోలేదు.

నేను పని అవ్వగానే ‘ఓకే సర్, థాంక్యూ సర్’ అని కట్ చేస్తాను. వాళ్లకి అది తలుపు ముఖాన వేసినట్టు. సింగపూర్ అతను ముందు ‘ఎనీవే’ అంటాడు, దానికి అర్థమేమీ లేదు, లేవబోతున్నానని చెప్పడం. తర్వాత ‘రైట్ దెన్’. తర్వాత చివరి మాట ఒకటి మళ్లీ చెప్పుకోవడం. తర్వాత ‘చీర్స్, బై, బై బై’. మొత్తం నాలుగు మెట్లు. మన ‘సరే మరి… ఉంటాను మరి… ఆఁ, అలాగే… ఉంటానండీ’ కూడా నాలుగు మెట్లే. మా ఆవిడ వాళ్ల అక్కతో అయితే నలభై.

రోజు 89

ఆఖరి పరీక్ష. బేరం కాదు, పేచీ. పేచీయే కష్టం.

విశాఖ నుంచి వచ్చిన లోడు మీద కోత పరీక్ష చేశాం. పిక్కల నాణ్యత చెప్పే అంకెని వ్యాపారంలో కేఓఆర్ అంటారు. 80 కేజీల బస్తాలో పనికొచ్చే పప్పు ఎన్ని పౌండ్లు వస్తుందనేది. ఒప్పందంలో 47. మాకు కేజీ శాంపిల్లో వచ్చిన మంచి పప్పు 258 గ్రాములు, లెక్కేస్తే 45.5. పౌండున్నర తక్కువ. పాత నేనైతే ‘వియ్ హియర్‌బై లాడ్జ్ అవర్ క్లెయిమ్’ అని ఉత్తరం కొట్టేసి, ఫోన్ ఎత్తకుండా రెండు రోజులు దాక్కునేవాణ్ణి.

ముందు సింగపూర్. ‘ఇట్స్ కమ్ ఔట్ ఎ బిట్ లో, ఐ యామ్ అఫ్రెయిడ్’ అన్నాను. ‘ఎ బిట్’ని అతనెలా తీసుకోవాలో అలాగే తీసుకున్నాడు. ‘హౌ లో?’ ‘ఫార్టీ ఫైవ్ పాయింట్ ఫైవ్.’ కాసేపు ఏమీ అనలేదు. ‘ఆహ్. నాట్ ఐడియల్. లీవ్ ఇట్ విత్ మీ.’ పదకొండు నిమిషాలు. పార్డన్ సున్నా, సారీ నాలుగు.

రోజు 90

అక్రా. మూడున్నర. వాళ్లావిడ ఒంట్లో ఎలా ఉందో అడిగాను, వానలు పడ్డాయా అడిగాను. తర్వాత 258 సంగతి. అతను గొంతు పెంచాడు. నేను పెంచలేదు. ఏ బస్తాల నుంచి శాంపిల్ తీశారో చెప్పమన్నాడు. ఆ చీటీ షెడ్డులో మేస్త్రీ దగ్గరుంది.

‘ఐయామ్ కమింగ్’ అన్నాను.

ఫోన్ బల్ల మీద పెట్టి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి గూడ్సు బండి పోతోంది, బల్ల అదురుతోంది. ఫోన్లో అతనేదో పాట కూనిరాగం తీస్తున్నాడు. లైను మీదే ఉన్నాడు. ఎదురు కుర్చీలో ఓనరు గారు కళ్లజోడు పైకి తోసుకుని నన్నే చూస్తున్నారు.

‘ఏటి, ఈసారి రూము అక్రాలో సెప్పాలా?’